ఆఖరి రౌండుకు ముందు

మాట్లాడకూడదు. రిఫరీ మా కుర్చీల వెనక నిలబడి, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఒక్కొక్కరి ముందుకీ వంగి మరీ చూపించాడు. ఆట మళ్లీ మొదలయ్యేదాకా మాట లేదు, సైగ లేదు, చెవుల మీంచి హెడ్‌ఫోన్లు తీసే పని లేదు. అవతల కాసాబ్లాంకా అమ్మాయిల్లో ఒకరి కంప్యూటరు ఉన్నట్టుండి నల్లబడిపోయిందట, దాన్ని మార్చాలి, అమర్చాలి, పరీక్షించాలి, ఎంతసేపు పడుతుందో ఎవరికీ తెలియదు. ముద్ద నోటిదాకా వచ్చాక చెయ్యి పట్టుకుని ఆపినట్టుంది. ఫైనల్ ఇది, ట్యునీషియా నుంచి మేము, మొరాకో నుంచి వాళ్లు, చెరో ఆటా గెలిచి, మూడో ఆటలోనూ సమానమైపోయి, ఇక ఒక్క రౌండే మిగిలింది. తెర మీది సందుల్లో ఐదుగురం ఐదుగురికి ఎదురుపడాలి, ఒక జట్టు మొత్తం నేలకూలేదాకా కాల్చుకోవాలి, నిలబడ్డవాళ్లది కప్పు. అంతలో ఈ ఆగడం. హాల్లో వ్యాఖ్యాతలు మా గుట్టు ఏమైనా చెప్పేస్తే మాకు వినబడకూడదని హెడ్‌ఫోన్లలోకి హోరు వదులుతారు, మిక్సీ మూత పెట్టి తిప్పుతున్నట్టు ఒకటే హోరు, అందులో కూర్చుని నేను నా నోరు కట్టేసుకున్నాను. నా పనే మాట్లాడటం. ఈ జట్టుకి కెప్టెన్ని నేను, ఎమ్నాని. గురి చూసి కాల్చడంలో ఐదుగురిలో నాదే ఆఖరి స్థానం, కానీ ఎవరు ఎటు వెళ్లాలి, ఎవరు ఆగాలి, అవతలివాళ్లు ఏ మూల నక్కి ఉంటారు, ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేది నేనే. పిల్లలు నన్ను రేడియో అంటారు. రేడియో ఇప్పుడు కరెంటు పోయి కూర్చుంది.

ఆగకముందు నేను ఆఖరుగా అన్న మాట ఏమిటి. అది తలుచుకోకూడదనుకుంటూనే తలుచుకుంటున్నాను. 'నిన్నెవరు దూకమన్నారే?' అన్నాను. వియెమ్‌ని అన్నాను. మా అందరిలోకీ చిన్నది, నా ఎడమ పక్క కుర్చీలో ఉంది. పోయిన రౌండులో నీలం తలుపు పక్క సందులోంచి ఒక్క అరక్షణం ముందు బయటికి దూకింది, దూకీ దూకగానే నేలకూలింది, ఆమె కూలడంతో మేమంతా ఒకరి తర్వాత ఒకరం పోయాం, స్కోరు సమానమైంది, నా నోట్లోంచి ఆ మాట ఊడిపడింది. మామూలుగా అయితే ఏముంది, నేను అరుస్తాను, ఆ వెంటనే ఏదో వెక్కిరింత విసురుతాను, వాళ్లు తిరిగి నన్ను వెక్కిరిస్తారు, అయిపోతుంది. కానీ ఆ వెంటనే అనాల్సింది అనేలోపే ఆట ఆపేశారు. తిట్టు ఒక్కటే మిగిలిపోయింది మా ఇద్దరి మధ్య. దానికి తోడు ఏమీ లేదు. వియెమ్ చొక్కా తాడు నోట్లో పెట్టుకుని నములుతోంది, అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటోంది, మళ్లీ తుడుచుకుంటోంది. నేను నేరుగా చూడటం లేదు, కంటి చివర నుంచి అంతమాత్రం కనబడుతోంది, చాలు.

కాళ్ల కింద నేల అదురుతోంది. మా క్లబ్బు ఫుట్‌బాల్ కుర్రాళ్లు డప్పులు తెచ్చారు, వాళ్లకి ఏ ఆటైనా ఒకటే, డప్పుంటే చాలు. అమ్మ కూడా అక్కడెక్కడో ఉంది, తన పార్లర్లో పనిచేసే ఆడవాళ్లందరినీ కట్టగట్టుకుని మా ఊరు బిజెర్త్ నుంచి వచ్చింది. మొదటి ఆటలో నేను చచ్చిపోయినప్పుడల్లా హాల్లో ఒక మూల నుంచి నాలుక ఆడిస్తూ తీసే పెళ్లి కేక లేచేది, అది అమ్మే అని నాకు తెలుసు, విరామంలో తిట్టాను, అమ్మా నీలం మనం, నారింజ వాళ్లు అని. 'నారింజ రంగు ఎంత బావుందే తల్లీ, నువ్వు అందులోనే ఉంటావనుకున్నా' అంది. పార్లరు ఆడవాళ్లంతా ఒప్పుకున్నారు, నారింజే బావుందని. నన్ను చూడటానికి వచ్చి నన్ను చంపినవాళ్లకి పెళ్లి కేకలు. అమ్మ ఎక్కడికొచ్చినా తోడు ఓ పటాలం ఉంటుంది, సంచిలో ఉడికిన గుడ్లుంటాయి, హరిస్సా కారం పూసిన రొట్టెలుంటాయి, ఇప్పుడు కూడా ఈ ఆగిన ఆటలో పక్కవాళ్లందరికీ పంచిపెడుతూ ఉంటుంది. మా ఊళ్లో వంతెన పైకి లేచినప్పుడు కూడా అంతే. ఓడ రేవులోకి వస్తుంటే వంతెన మధ్య భాగం ఆకాశంలోకి లేస్తుంది, ఇటు కార్లు ఇటే, అటు కార్లు అటే, ఓడ దాటేదాకా ఊరు ఊరంతా ఆగిపోతుంది. కొందరు హారన్ కొడతారు, ఓడ వింటుందన్నట్టు. అమ్మ మాత్రం బస్సు దిగేసేది. నన్ను కూడా దింపేది. పొద్దుతిరుగుడు గింజలు కొని దోసిట్లో పోసేది, ఎవరో తెలియని ఆవిడతో పిల్లల జ్వరాల గురించి మొదలుపెట్టేది, వంతెన దిగేసరికి ఆవిడ ఇంటి గుట్టంతా అమ్మకి తెలిసిపోయేది. ఆగిన సమయాన్ని వాడుకోవడం అమ్మకి తెలుసు. నాకు కాలు ఊపడం ఒక్కటే వచ్చు. ఊపుతున్నాను. రిఫరీ నా కాలి వైపు చూశాడు, ఆపేశాను, అది కూడా సైగ అంటాడేమో. పోయిన పోటీలో మా దొర్రా గొంతు సవరించుకున్నందుకే హెచ్చరించారు, పాపం దానికి నిజంగానే జలుబు.

దొర్రా నా కుడి పక్కన కూర్చుని తలగుడ్డ కింద హెడ్‌ఫోన్ సర్దుకుంటోంది. ఆమె అవతల షీరాజ్. ఆ చివర నౌరెస్ కళ్లు మూసుకుంది, నిద్రపోతోందంటే నేను ఆశ్చర్యపోను, దాని గుండె రాయి, దూరం నుంచి కాల్చేవాళ్లకి ఆ మాత్రం ఉండాలి. వీళ్లందరినీ నేను మొదట చూసింది సీ తిజానీ, అంటే తిజానీ గారి పబ్లినెట్‌లో, వియెమ్‌ని తప్ప. వంతెన అవతల జర్జూనాలో మసీదు వెనక సందు, లోపల వరసగా అద్దె కంప్యూటర్లు, గోడ మీద తేమ. ఆడపిల్లలు వస్తారని సీ తిజానీ రెండు కుర్చీలకి గుడ్డ తెర కట్టించాడు, ఆ తెర వెనక నుంచి మేము మగపిల్లల్ని చంపుతుంటే వాళ్లకి తెలిసేది కాదు, బయటికొచ్చి ఎవడ్రా ఆ దొంగ అని తన్నుకునేవాళ్లు. మేం ఆడే ఆట నడిచేది మాత్రం సముద్రానికి అవతల, ఐరోపాలో ఎక్కడో ఉన్న యంత్రాల్లో. ఇక్కడ నొక్కింది సముద్రం అడుగున తీగలోంచి వెళ్లి అక్కడ చేరాలి, అక్కడ జరిగింది మళ్లీ ఇక్కడికి రావాలి. మూల తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, ఎవరూ లేరనుకునేలోపే నువ్వు చచ్చి ఉంటావు. అందుకని మా ఊళ్ల పిల్లలందరికీ ఒక అలవాటు పట్టుకుంది, అరక్షణం ముందు. మనిషి కనబడ్డాక కాదు, కనబడబోతుండగానే కాల్చాలి. దూకాల్సిన సమయానికి కాదు, ఇంకా కాకముందే దూకాలి. ఆలస్యం తీగలో ఉంది కాబట్టి తొందర చేతిలో ఉండాలి. నౌరెస్ అయితే, మా నాన్న తిట్టడం మొదలెట్టేలోపే ఏడ్చేస్తానే నేను, అనేది. నవ్వుకునేవాళ్లం. ఆ తొందరతోనే అన్ని మ్యాచ్‌లు గెలిచి ఇక్కడి దాకా వచ్చాం. ఈ వేదిక మీదేమో పది కంప్యూటర్లూ ఒకే చోట, ఒకే తీగకి, ఆలస్యమే లేదు. నొక్కితే నొక్కినప్పుడే. వారాల తరబడి ఆ అలవాటు మానుకోవడానికి కూర్చున్నాం, ఆగు, ఆగు, ఇప్పుడు, అని నేను అరుస్తుంటే వాళ్లు ఆగడం నేర్చుకున్నారు. కానీ భయమేసినప్పుడు చెయ్యి తనకి తెలిసిందే చేస్తుంది. వియెమ్ చెయ్యి అదే చేసింది.

ఆట ఆపినప్పుడు ఆర్పేసిన మా తెరలు ఇంకా నల్లగానే ఉన్నాయి. అవతల బల్ల కింద ఇద్దరు మనుషులు తలలు దూర్చి ఏవో తీగలు లాగుతున్నారు, కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. వాళ్లు తొందరగా చేసేస్తే బావుండు. అసలు చేయకపోతే ఇంకా బావుండు. ఓడిపోకుండా ఇలాగే ఉండిపోవచ్చు. ఓడిపోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. క్లబ్బు ఫుట్‌బాల్‌ది, మాకు మేడ మీద ఒక గది ఇచ్చారు, మంచి ఇంటర్నెట్ తీగ లాగించారు. నిన్న అధ్యక్షుడు సీ మున్సిఫ్ హోటల్‌కి ఫోన్ చేశాడు. 'చూడమ్మా ఎమ్నా, కప్పు తెస్తే గది మీది. తేకపోతే బాక్సింగు కుర్రాళ్లు అడుగుతున్నారు, నా మెడ మీద కూర్చున్నారు. నామీద కోపం పెట్టుకోకండి' అన్నాడు. కోపం ఎందుకు, మంచివాడే, ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకి ఇచ్చేస్తాడు. గది పోతే మేం ఐదుగురం ఉండం, ఎవరింట్లో వాళ్లం ఉంటాం. దొర్రా వాళ్ల నాన్న నూనె కొట్లో, షీరాజ్ పరీక్షల్లో. నేను అమ్మ పార్లర్లో జుట్టు ఊడుస్తాను, అదేం చెడ్డ పని కాదు. కానీ వియెమ్. దానికి గది అంటే గది కాదు. వాళ్ల నాన్న మెంజెల్ బూర్గీబాలో ఉక్కు ఫ్యాక్టరీ మనిషి, క్లబ్బు అంటే సరే, పేరున్న క్లబ్బు, పిల్లకి కెప్టెన్ ఉంది, వెళ్లనీ, ఇంట్లో కూర్చుని ఆడితే మాత్రం వైరు కోసేస్తా అన్నాడు. అన్నాడంటే కోస్తాడు. రోజూ లువాజ్ అనే షేర్ టాక్సీ ఎక్కి వస్తుంది, ఆరుగురి మధ్య ఇరుక్కుని, మొదటి రోజు వచ్చినప్పుడు తలుపు దగ్గరే నిలబడింది, లోపలికి రావే అంటే, చెప్పులు ఎక్కడ విప్పాలక్కా అంది. మసీదు కాదే పిల్లా, రా. ఆ రోజే అందరినీ కాల్చి పారేసింది. నన్ను వరసగా ఎన్నిసార్లో. నౌరెస్ ఒక కన్ను తెరిచి, దీన్ని వదలకే ఎమ్నా, అంది.

దీన్ని వదలకే. మరి నేనేం అనుకుంటూ కూర్చున్నాను ఇందాకటి నుంచి. ఆట మొదలుకాగానే వియెమ్‌ని వెనక పెట్టాలి, నీలం తలుపు సందుకి నౌరెస్‌ని పంపాలి అనుకుంటున్నాను. తప్పు చేసినదాన్ని పక్కన పెట్టడం ఎవరైనా చేస్తారు. ఎవరూ నన్నేమీ అనరు. వియెమ్ కూడా అనదు, తలూపుతుంది, అదే నాకు కష్టంగా ఉంది. నౌరెస్‌కి దగ్గర నుంచి కాల్చడం రాదు, సందులో దాని పొడుగు తుపాకీ తిరగను కూడా తిరగదు. అయినా వియెమ్ ఇంకా అరచెయ్యి తుడుచుకుంటూనే ఉంది కదా. భయపడ్డ చెయ్యి మళ్లీ ముందే దూకుతుంది కదా. దూకుతుంది. దూకుతుందని నాకు తెలుసు. నాకేనా తెలిసింది? అవతలి కెప్టెన్ ఘీథా, పొద్దున హోటల్లో టీ దగ్గర కలిసింది, మంచి పిల్ల, తన పళ్లెంలోంచి తేనె రాసిన రొట్టె తుంచి నా నోట్లో పెట్టినంత పని చేసింది. 'మీవాళ్లకి మహా తొందర సుమా. పెళ్లి భోజనానికి పొయ్యి వెలిగించకముందే వచ్చేసే రకం' అంది. నేను, 'మీరు అంట్లు కడిగేవేళకి వస్తారుగా' అన్నాను. ఇద్దరం నవ్వాం. నవ్వాను నేను, బుద్ధిలేకుండా. అది వెక్కిరింత కాదు. మా పాత మ్యాచ్‌లన్నీ కూర్చుని చూసుకున్న మనిషి నోరు జారడం అది. పోయిన రౌండు మళ్లీ గుర్తు తెచ్చుకో ఎమ్నా. వియెమ్ దూకాక వాళ్లు కాల్చారా? కాదు. తుపాకీ చప్పుడు ముందు విన్నాను. ఖాళీ సందులోకి కాల్చడం మొదలుపెట్టారు, వియెమ్ వచ్చి ఆ గుళ్ల మీద పడింది. వాళ్లు వియెమ్‌ని చూసి కాల్చలేదు, మా ఊళ్ల అలవాటుని కాల్చారు. మళ్లీ కాలుస్తారు. అదే చోట, అదే అరక్షణానికి. అప్పుడు సందులో ఎవరూ లేకపోతే? గుళ్లన్నీ గోడకి పోతాయి, తుపాకీ ఖాళీ అవుతుంది, నింపుకోవాలి, నింపుకునేటప్పుడు మూలలో ఉన్నవాళ్లు ఇద్దరైనా ముగ్గురైనా చేతులు కట్టేసినట్టే. అప్పుడు అడుగు పెట్టేది ఐదుగురిలో చురుకైన చెయ్యి అయ్యుండాలి. అది వియెమ్‌దే. ఇంకెవరిదీ కాదు.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, చెప్పకపోతే పగిలిపోయేలా ఉన్నాను. మోచేత్తో దాన్ని పొడిచి, ఒక్క మాట, నీదేం తప్పులేదే, అని. రిఫరీ బూట్లు నా కుర్చీ వెనకే ఆగి ఉన్నాయి. ఒక్క సైగ చేస్తే ఈ రౌండు ఆడకుండానే వాళ్లకి ఇచ్చేస్తారు. సరిగ్గా అప్పుడే వియెమ్ తల తిప్పింది. నా వైపు. ఈసారి కంటి చివర కాదు, మొత్తం ముఖం, ముక్కు ఎర్రబడి, కళ్లలో నీళ్లు నిలబడి, అక్కా అని అడుగుతున్న ముఖం. ఏదో ఒకటి ఇవ్వమంటోంది. నేను ఏమిచ్చినా సైగే, నవ్వినా సైగే, రెప్ప వేసినా ఆ బూట్లు కదులుతాయి. తల తిప్పేసుకున్నాను. నల్లటి తెర వైపు. అందులో నా ముఖమే కనబడింది, అమ్మ ముఖంలాగే ఉంది, కోపంగా ఉన్నట్టుంది, అది కోపం కాదు. వియెమ్‌కి ఆ సంగతి ఎవరు చెబుతారు. దాని కుర్చీ కిర్రుమన్నట్టు నేలలోంచి తెలిసింది, మళ్లీ ముందుకి తిరిగిపోయింది. నా జన్మలో ఇంత గట్టిగా నోరు మూసుకున్నది లేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే అది కూడా సైగేనా అని అడగడానికి కూడా లేదు.

మొదటి మాట ఏమిటి. తెర వెలిగాక కదిలేలోపు కొద్ది క్షణాలే ఉంటాయి, ఐదుగురికీ చెప్పాలి, అందులో వియెమ్‌కి ఎన్ని మాటలు దక్కుతాయి. ఇందాక అన్నది మరిచిపో అందామా. మరిచిపో అంటే గుర్తొస్తుంది. నమ్మకం ఉంది అందామా, పెళ్లి చూపుల్లో మాటలాగుంది. కూర్చుకున్నవన్నీ తీసేశాను. తీసేస్తుంటే మనసు తేలికపడుతోంది, వింతగా. మాట్లాడి మాట్లాడి ఇన్నాళ్లూ నేను వీళ్లకి ఎంత అడ్డం పడ్డానో అనిపించింది ఒక్క క్షణం, ఆ వెంటనే, లేదులే, రేడియో లేకపోతే వీళ్లు ఒకళ్ల కాళ్లు ఒకళ్లు తొక్కుకుని చస్తారు, అనిపించింది. బల్ల కింద కాళ్లు బయటికొచ్చాయి. కాళ్ల వెంట మనుషులు. ఘీథా బొటనవేలు పైకెత్తింది. హోరు ఆగింది. చెవుల్లో ఉన్నట్టుండి అంత నిశ్శబ్దం, అందులో దొర్రా ముక్కు ఎగబీల్చుకోవడం, షీరాజ్ బిస్మిల్లా, నౌరెస్ ఆవలింత, నిజంగానే ఆవలించింది, వియెమ్ దగ్గర నుంచి ఏమీ లేదు.

'వియెమ్, నీలం తలుపు నీదే,' అన్నాను. 'వాళ్లు గాల్లోకి కాలుస్తారు. కాల్చనీ. ఆగిపోయాక వెళ్లు.'

'నేనా?' అంది.

'మరి మీ నాన్నా? దొర్రా, షీరాజ్, నాతో సంతలోకి. నౌరెస్, లేచావా?'

'ఎప్పుడో లేచానే, నీ గోల లేక నిద్ర పట్టలేదు,' అంది నౌరెస్.

పరిగెత్తాం. తెర మీది సంతలో మేం ముగ్గురం గోల చేశాం, గుడారాలు చింపాం, ఇటు చూడండి ఇటు చూడండి అన్నట్టు, వాళ్లు చూశారు, దొర్రా పోయింది, ఒకదాన్ని తీసుకునే పోయింది. నీలం తలుపు దగ్గర తుపాకులు మొదలయ్యాయి. అదే చోటు. అదే అరక్షణం. ఖాళీ సందు గోడ పెచ్చులు లేస్తోంది. వెళ్లకు వెళ్లకు వెళ్లకు అని నాలో నేను, పైకి అనలేదు. తుపాకులు ఆగాయి. అప్పుడు అడుగు పెట్టింది వియెమ్, ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తున్నట్టు. ఒకటి. రెండు. షీరాజ్ పోయింది. నౌరెస్ ఎక్కడి నుంచో ఒకదాన్ని పడగొట్టి, ఆ వెంటనే తనూ పడింది. ఘీథా ఒక్కతే మిగిలింది వాళ్లలో, నా వెనకే వచ్చింది, నేను తిరిగేలోపే నా తెర బూడిద రంగైపోయింది. ఇక వియెమ్, ఘీథా. చచ్చినవాళ్లం నలుగురం వియెమ్ కళ్లతో చూస్తున్నాం. చచ్చినా మాట్లాడొచ్చు, అందుకు రూలు అడ్డం లేదు. ఎడమ పక్క మెట్లున్నాయి, వెనక పీపాలున్నాయి, ఘీథా కుడి నుంచి రావడానికి ఇష్టపడుతుంది, ఇన్ని మాటలు నా నాలుక చివర. దొర్రా మొదలుపెట్టింది, వియెమ్ మెట్లు, మెట్ల మీద...

'ఎవరూ మాట్లాడకండి,' అన్నాను. 'దాన్ని విననివ్వండి.'

మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇందాక నోరు మూయించింది రిఫరీ, ఇప్పుడు మూసుకుంది నేను. వియెమ్ గోడకి ఆనుకుని నిలబడింది. ఘీథా అడుగులు రాతి మీద మెల్లగా, ఆగి, మళ్లీ. ఇప్పుడు దూకుతుంది, ఇప్పుడే దూకేస్తుంది అనుకున్న చోట వియెమ్ దూకలేదు. ఇంకా దూకలేదు. ఘీథా భుజం మూల దాటి తెల్లగా కనబడేదాకా, నిజంగా కనబడేదాకా ఆగింది. ఒక్క గుండు.

తెర మీద పెద్ద నీలం అక్షరాలు, మా రంగు. నేల ఇప్పుడు అదరడం కాదు, కుర్చీలు కదులుతున్నాయి. దొర్రా మాటలేవీ లేకుండా ఏడుస్తోంది, నౌరెస్ బల్ల మీద తల పెట్టేసింది. నాకు నోరు రావడం లేదు, ఇంత నోరున్నదాన్ని. వియెమ్ ఇంకా మౌస్ వదల్లేదు. తెర వంకే చూస్తోంది, మెడ కూడా తిప్పకుండా. హెడ్‌ఫోన్లో దాని గొంతు చాలా చిన్నగా వచ్చింది.

'అక్కా, మాట్లాడవేం? మళ్లీ ముందే కాల్చానా?'

లేచి వెళ్లి, హాలు ఏమంటోందో తనే వినాలని, దాని చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసేశాను.